మూడు ప్రభుత్వాల ముద్రలున్నా…

హాస్టల్లో పాలస్తీనా మాట వస్తే చాలు, అది రెండు మతాల కొట్లాట అని తేల్చేసి దుప్పటి కప్పుకునేవాళ్ళే ఎక్కువ. మిత్రులారా, నేను దానికి ఒప్పుకోను. అది ముందు భూమి తగాదా. భూమి సంగతి మన ఇళ్ళలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

బెత్లెహేముకు నైరుతి దిక్కున, నహాలీన్ అనే ఊరి దగ్గర ఒక కొండ ఉంది. 1916లో నస్సార్ కుటుంబపు తాత ఆ కొండ మీద సుమారు 100 ఎకరాలు కొన్నాడు. వాళ్ళు క్రైస్తవులు. ద్రాక్ష, ఆలివ్, బాదం పండించుకుని బతికే రైతులు. అప్పుడక్కడ తురుష్క సుల్తానుల రాజ్యం. పన్నుకు భయపడి చాలామంది రైతులు భూమిని తమ పేర రాయించుకునేవారు కాదు. ఈయన రాయించుకున్నాడు. తర్వాత బ్రిటిష్‌వాళ్ళ కాలం, జోర్డాన్ కాలం కాగితాలు కూడా కుటుంబం భద్రంగా దాచింది. మూడు ప్రభుత్వాల ముద్రలు!

1967 యుద్ధంలో ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంకును ఆక్రమించింది. మరుసటి ఏడే అక్కడ భూముల హక్కులు తేల్చే రిజిస్ట్రేషన్ పనిని ఆపేసింది. 1991లో ఈ కొండలో ఎక్కువ భాగం ప్రభుత్వ భూమి అని ప్రకటించింది. కుటుంబం కోర్టుకెక్కింది. సర్వేలు, సాక్షులు, లాయర్ల ఫీజులు, వాయిదాలు. 30 ఏళ్ళు గడిచి 2022 వచ్చినా అది తేలలేదు.

అసలు కిటుకు ఒక పాత చట్టంలో ఉంది. 1858 నాటి సుల్తానుల భూమి చట్టం ప్రకారం, తగిన కారణం లేకుండా వరుసగా 3 ఏళ్ళు బీడు పెట్టిన భూమి సర్కారుకు పోవచ్చు. ఆ సుల్తానులు పోయి వందేళ్ళయింది, చట్టాన్ని మాత్రం ఇజ్రాయెల్ భద్రంగా వాడుకుంటోంది. సరే, సాగు చేద్దామంటే? పొలానికి వెళ్ళే దారికి అడ్డంగా బండరాళ్ళు వేశారు. నీటి పైపు లేదు, కరెంటు లైను లేదు. ఇల్లు కట్టడానికి అనుమతి ఇవ్వరు. కట్టిన పాకకు కూల్చివేత నోటీసు వస్తుంది. చుట్టూ కొండల మీద కొత్త కాలనీలకు మాత్రం రోడ్లూ నీళ్ళూ అన్నీ వచ్చాయి. కుటుంబం కొండ గుహల్లో ఉంటూ, వాన నీళ్ళు తొట్లలో పట్టుకుని, సోలార్ పలకలతో దీపాలు వెలిగించుకుంది.

2014 మే నెలలో, కాపు చేతికొచ్చే వేళ, సైన్యం బుల్డోజర్లు తెచ్చి పండ్ల చెట్లు పెకలించింది. సుమారు 1,500 అని కుటుంబం లెక్క. 2022 జనవరిలో ముసుగులు వేసుకొచ్చినవాళ్ళు ఆ అన్నదమ్ములను కొట్టారు.

మన పెద్దల్లో కొందరి దగ్గర అసైన్డ్ పట్టా ఉంటుంది, భూమి మాత్రం ఇంకొకరి సాగులో ఉంటుంది. అందుకే ఈ కథ నాకు దగ్గరగా తోచింది. కానీ రెండూ ఒకటే అనను. అన్యాక్రాంతమైన అసైన్డ్ భూమిని తిరిగి ఇప్పించేందుకు 1977లో మనకో చట్టం వచ్చింది. ఎంత అమలైందో తర్వాత సంగతి, అడగడానికి మనకు ఓటుంది. తమ పొలం మీద పెత్తనం చేసే ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని మార్చే ఓటు ఆ కుటుంబానికి లేదు. 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. అది అమలు చేయించే బంట్రోతు ఎవరు?

ఎంత కావాలంటే అంత రాసుకోండని ఖాళీ చెక్కు చూపించినా అమ్మలేదని వాళ్ళు చెబుతారు. పొలం వాకిట్లో ఒక రాయి మీద, మేం ఎవరికీ శత్రువులుగా ఉండబోమని రాసి పెట్టారు. మెతకదనం అంటారా? నాకలా అనిపించదు. మెతకవాళ్ళు మూడు దశాబ్దాలు కోర్టు మెట్లెక్కరు. చెట్లు కూల్చినప్పుడల్లా మళ్ళీ నాటారు, మొక్కలకు విదేశాల్లోని యూదులు కూడా సాయపడ్డారు. ఆలివ్ కోతలకు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి గుడారాల్లో ఉంటారు. కాయలు కోయడానికే కాదు, బుల్డోజరు వస్తే చూసిన సాక్షులు ఉండాలని కూడా.