బ్యాంకు సర్వర్ అప్‌డేట్.. వేయడం కాదు, వెనక్కి తీయడమే అసలు పరీక్ష! 65 లక్షల మందికి చుక్కలు చూపించిన ఘటన చెప్పే పాఠం ఇదే

అర్ధరాత్రి దాటాక బ్యాంకు యాప్ ఓపెన్ చేస్తే ‘మెయింటెనెన్స్ జరుగుతోంది, కాసేపాగి ప్రయత్నించండి’ అని కనిపించడం చాలామందికి అనుభవమే. చిరాకు తెప్పించే ఆ మెసేజ్ వెనక పెద్ద కథే ఉంటుంది. అందులో ఒక్క టెస్ట్ వదిలేస్తే ఏమవుతుందో 2012లో బ్రిటన్ చూసింది.

అసలేం జరిగింది?

అప్పట్లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గ్రూపులో ఆర్‌బీఎస్, నాట్‌వెస్ట్, అల్స్టర్ బ్యాంకులు ఉండేవి. జీతాల జమ, వాయిదాల కోత, బ్యాలెన్స్ లెక్క.. ఇలాంటి పనులన్నీ రాత్రిపూట మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో వరుసగా నడుస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత అని చూసేది షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్. 2012 జూన్ 17, ఆదివారం దాన్ని అప్‌గ్రేడ్ చేశారు. మర్నాడే తేడాలు బయటపడ్డాయి. దీంతో 19న కొత్త వెర్షన్ తీసేశారు.

కథ అడ్డం తిరిగింది అక్కడే. తీసేస్తే ఏమవుతుందో ముందుగా టెస్ట్ చేయలేదు. కొత్త వెర్షన్‌కు, పాతదానికి పొసగలేదు. రాత్రి పనులు ఆగిపోయి, ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి.

ఎవరికి నష్టం?

కనీసం 65 లక్షల మంది ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. ఏటీఎంలో బ్యాలెన్స్ తప్పు చూపించింది. ఇంటి లోన్ వాయిదాలు టైమ్‌కి కట్టలేకపోయారు. విదేశాల్లో ఉన్నవాళ్లు చేతిలో డబ్బు లేక చిక్కుకుపోయారు. కొన్ని సంస్థలు జీతాలే ఇవ్వలేకపోయాయి. అల్స్టర్ బ్యాంకు కస్టమర్లకైతే జులై దాకా తిప్పలు తప్పలేదు. 2014 నవంబర్‌లో బ్రిటన్ నియంత్రణ సంస్థలు రెండూ కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

హైదరాబాద్ పేరు ఎందుకొచ్చింది?

అప్పట్లో బ్రిటన్ మీడియాలో హైదరాబాద్ పేరు గట్టిగానే వినిపించింది. ఐటీ పనులు భారత్‌కు పంపడం వల్లే ఇదంతా అన్నారు. అయితే సమస్య మొదలైన వ్యవస్థలను నడిపేది ఎడిన్‌బరో టీమ్ అని నాటి సీఈఓ స్టీఫెన్ హెస్టర్ పార్లమెంట్ కమిటీ ఛైర్మన్‌కు రాసిన లేఖలో చెప్పారు. అంటే పని ఏ ఊళ్లో జరిగిందన్నది కాదు, ఎలా జరిగిందన్నదే అసలు ప్రశ్న.

మరి సేఫ్‌గా ఎలా చేస్తారు?

ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్ ఓఎస్. దీని ప్యాచ్‌లు మూడు మెట్లలో ఎక్కుతాయి: రిసీవ్, అప్లై, యాక్సెప్ట్. నిజంగా అప్లై చేసేముందు ‘చెక్’ ఆప్షన్‌తో ఉత్తుత్తి రన్ చేసుకోవచ్చు. ఏ ప్యాచ్‌కు ఏ హెచ్చరిక ఉందో, ఏది ముందు ఉండాలో అప్పుడే తెలిసిపోతుంది. అప్లై అయ్యాక కూడా ప్యాచ్‌ను వెనక్కి తీయొచ్చు. యాక్సెప్ట్ చేశాక మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. అందుకే అనుభవం ఉన్న టీమ్‌లు యాక్సెప్ట్‌కు తొందరపడవు.

నడుస్తున్న సిస్టమ్‌పై నేరుగా చేయి పెట్టరు కూడా. సిస్టమ్ డిస్క్‌లకు కాపీ తీసి, దానిపైనే ప్యాచ్‌లు వేస్తారు. ముందు టెస్ట్ సిస్టమ్, తర్వాత డెవలప్‌మెంట్, చివరికి ప్రొడక్షన్. అక్కడా ఒక్కో సిస్టమ్‌నే రీస్టార్ట్ చేస్తారు, మిగతావి పని మోస్తుంటాయి. తేడా కొడితే పాత డిస్క్‌ల నుంచి మళ్లీ స్టార్ట్ చేయడమే.

అయితే ఇక్కడో మెలిక ఉంది. డిస్క్ పాతదైనా, డేటా పాతది కాదు. కొత్త వెర్షన్ రాసిన రికార్డులను పాత వెర్షన్ చదవగలగాలి. అందుకు అవసరమైన ప్యాచ్‌లను పాత సిస్టమ్‌లలో ముందే వేసి ఉంచాలి. ఈ తిరుగు ప్రయాణాన్ని టెస్ట్ సిస్టమ్‌లో, కొత్త వెర్షన్‌పై ఒకట్రెండు రాత్రుల బ్యాచ్ నడిపాక చేసి చూస్తేనే నమ్మకం.

ప్యాచ్‌లు వేయడం మానేస్తే? అది ఇంకా ప్రమాదం. పాత లోపాలు, సెక్యూరిటీ కన్నాలు అలాగే మిగిలిపోతాయి. వాయిదా వేసేకొద్దీ ఒకేసారి మోయాల్సిన మార్పులు పెరుగుతాయి. కాబట్టి మెయింటెనెన్స్ ప్లాన్‌పై సంతకం పెట్టే అధికారి తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.. ‘వెనక్కి తీసి చూశారా?’ ప్లాన్‌లో రాశాం అన్నది దానికి జవాబు కాదు.