బస్సెక్కు చోటనే బండ్ల స్టాండు కావలెను

సంపాదకులు గారికి,

అయ్యా,

చికిటి చుట్టుపట్ల గ్రామాలవారికి ఆసుపత్రి అన్నా, కాలేజీ అన్నా, పెండ్లి పట్టుచీరలన్నా బరంపురమే. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుండి ఒరిస్సాలో చేరినది గాని, మా రాకపోకల త్రోవ మారలేదు. మారినదల్లా వాహనము. ఇంటింటికి మోటారు సైకిలు వచ్చినది. అది ఊళ్ళో ఎంత సుఖమో, బరంపురం చేరిన పిమ్మట అంత బరువు.

అక్కడి పెద్ద బజారు వీధులు జట్కాలు నడచిన కాలమునాటివి. దుకాణము ముందు బండి నిలిపితే యజమాని కసరుకొనును. రోడ్డు వారగా నిలిపితే జుల్మానా భయము. ఆ మధ్య మా పెద్దమ్మను ఒక ఆసుపత్రికి తీసుకొనిపోయి, ఆమెను చీటీల వరుసలో ఒంటరిగా విడిచి, బండికి చోటు వెదకుటకే ముప్పావు గంట తిరిగినాను. ఇట్టి అనుభవము లేనివారు మాలో అరుదు.

దీనికి నాకు తోచిన మార్గము క్రొత్తదేమీ కాదు. రైలు స్టేషను వద్ద స్టాండులో సైకిలు వదలి, చీటీ జేబులో వేసుకొని రైలెక్కుట మనకు తాతల నాటి అలవాటే. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణమువారు ఊరి నడుమ క్రొత్త రోడ్లు వేయు ఆలోచన మాని, 1973లో పొలిమేరన కార్లు నిలుపు స్థలమేర్పరచి అక్కడ నుండి బస్సులు నడిపినారు. ఇరుకు వీధులున్న మనకు మాత్రమది తగదా?

అయితే స్టాండు ఎక్కడ? బరంపురం పొలిమేరన అని కొందరందురు. ఠాకురాణి జాతర రోజులలో అది అవసరమే, కాదనను. కాని నిత్యావసరమునకు చికిటిలో, బస్సు ఆగుచోటనే ఉండవలెనని నా అభిప్రాయము. బరంపురం దాకా బండిపై పోయిన పిమ్మట మిగులునదేమి? పెట్రోలు ఖర్చు అయిపోయినది, లారీల నడుమ ప్రాణభయమూ అయిపోయినది. చీకటిపడిన తరువాత చదువుకొను పిల్లలు పదహారవ నెంబరు జాతీయ రహదారిపై లారీల వెనుక వచ్చుచుండగా ఇండ్లలో తల్లులు పడు ఆందోళన వేరే చెప్పనేల?

రేకుల పందిరి, రాత్రి దీపము, చీటీ ఇచ్చి కాపలా కాయు మనిషి, హెల్మెట్లు పెట్టుకొను అర: ఇంతకన్న అక్కరలేదు. అసలు కీలకము బస్సులో ఉన్నది. ఉదయము కాలేజీ వేళకును, సాయంత్రము దుకాణములు కట్టివేయు వేళకును తప్పక బస్సుండవలెను. ఆఖరు బస్సు తప్పిపోవునను అనుమానము ఒక్కసారి కలిగినచో ఎవడును బండి వదలడు; పందిరిలో మేకలు పడుకొనును.

స్టాండుకొక రుసుము, బస్సుకొక చార్జీ ఎవరిచ్చెదరని అడుగవచ్చును. బస్సు టిక్కెట్టు చూపినవారికి స్టాండు రుసుము తీసివేసిన ఆ చిక్కు తీరును. ఇద్దరెక్కిన బండికి మాత్రము ఇది లాభసాటి కాకపోవచ్చును. ఒక్కరే పోవువారి కొరకే నేను చెప్పుచున్నది.

చికిటి పురపాలకులును, రవాణా అధికారులును ఒక ఆరు మాసములు దీనిని పరీక్షించి చూడవలెనని కోరుచున్నాను. పెట్టు బోర్డుపై ఒరియాతోపాటు తెలుగు కూడ ఉన్నచో మా ముసలివారు సంతోషింతురు.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు,
చికిటి