రాక్షసుణ్ణి నీడలోనే పోల్చుకోవాలి

తెర మీదికి రాక్షసుడు వచ్చిన మరుక్షణం వాడెవడో చూసేవాళ్లకు తెలిసిపోవాలి. తెలియకపోతే ఆట చెడుతుంది. ధర్మవరం పక్క నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. అమెరికాలో 1993 డిసెంబర్ 10న ‘డూమ్’ అనే తుపాకీ ఆటను విడుదల చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు తమ దారిన తాము వెతుక్కుంటూ అక్కడికే చేరారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ఆట కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి. భాగం మారినప్పుడల్లా అవే రాక్షసులు మరో ఒంటితో వస్తారు. గోరంట్ల సాహిత్య పత్రికకు వీడియో గేములతో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. రాక్షసులను చేత్తో చెక్కి, రంగులు వేసి, నిలబెట్టి నడిపించిన ఊరు మన జిల్లాలోనే ఉంది. ఆ ఊళ్లో ఇప్పుడు రాక్షసులు తగ్గిపోతున్నారు. ఎందుకు తగ్గిపోతున్నారో అర్థం చేసుకోవడానికి ఆ పరాయి ఆట నాకు బాగా పనికొచ్చింది.

డూమ్ ఎరగనివాళ్లకు నాలుగు మాటలు. అంగారకుడి ఉపగ్రహాల మీద ఒక స్థావరం. అక్కడ నరకానికి దారి తెరుచుకుంటుంది. ఆడేవాడు ఒంటరి సైనికుడు. చేతిలోని తుపాకీ, ఎదురుగా వచ్చే శత్రువు తప్ప వాడికి మరేమీ కనిపించదు. ఆనాటి కంప్యూటర్ తెర మీద ఆ బొమ్మకు దక్కినవి అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, మొత్తం 256 రంగులు. దూరంగా నిలబడ్డ రాక్షసుడికి వాటిలో గుప్పెడు చుక్కలే మిగులుతాయి. ఆ గుప్పెడు చుక్కల్లోనే వాడు ఎవడో, ఏం చేస్తాడో చెప్పాలి. అందుకే ఇంప్ అనే రాక్షసుడికి మట్టిరంగు ఒళ్లు, భుజాల మీద ముళ్లు. వాడు దూరం నుంచి నిప్పు విసురుతాడు. పింకీకి గులాబీ రంగు, ఒళ్లంతా నోరే అనిపించే రూపం. వాడు సూటిగా మీదికి వచ్చి కరుస్తాడు. కాకోడీమన్ అంటే గాలిలో తేలే గుండ్రటి ఎర్రటి తల, మధ్యలో ఒంటి కన్ను. రంగు, అంచు, నడక అనే మూడు గుర్తులతో అర క్షణంలో శత్రువును పోల్చుకుని, ఏ ఆయుధం తీయాలో ఆడేవాడు తేల్చుకుంటాడు.

ఆ బొమ్మలు చేసిన తీరు తెలుసుకుంటే మన పనివాళ్లు గుర్తుకు రాక మానరు. చిత్రకారుడు ఏడ్రియన్ కార్మాక్ కొన్ని రాక్షసులను బంకమట్టితో మలిచాడు. (ఆట లోపలి లెక్కంతా రాసిన జాన్ కార్మాక్‌కూ ఈయనకూ చుట్టరికం లేదు, ఇంటిపేరు మాత్రం ఒకటే.) గ్రెగర్ పంచాట్జ్ అనే శిల్పి లోహపు ఎముకల మీద రబ్బరు చర్మం తొడిగి మరికొన్ని చేశాడు. ఆ బొమ్మలను కెమెరా ముందు నిలబెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కో వైపు నుంచి చిత్రం తీశారు. తరవాత కంప్యూటర్‌లో చుక్క చుక్కనూ సరిదిద్దారు. 1994లో వచ్చిన రెండో భాగంలో రాక్షస పరివారం పెరిగింది. భుజాల మీది గొట్టాల నుంచి క్షిపణులు వదిలే అస్థిపంజరం రెవెనెంట్, చేతులకు బదులు ఫిరంగులున్న స్థూలకాయుడు మాంక్యుబస్, చచ్చిన రాక్షసులను లేపి నిలబెట్టే ఆర్చ్‌వైల్ అప్పుడే వచ్చారు. మండే పుర్రెలను నోట్లోంచి కక్కే పెయిన్ ఎలిమెంటల్ కూడా ఆ జట్టులోవాడే. ఒకడిని చంపబోతే పదిమంది పుట్టుకొచ్చే ఆ కష్టం రక్తబీజుడి కథ విన్నవాళ్లకు కొత్తది కాదు.

ఇప్పుడు నిమ్మలకుంటకు వద్దాం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ప్రస్తావించాడంటే తోలుబొమ్మలాట పదమూడో శతాబ్దానికే తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఆట. మన సీమలో దీన్ని బతికించినవాళ్లు ఇంట్లో మరాఠీ, తెర వెనక తెలుగు మాట్లాడే కుటుంబాలవాళ్లు. పాడేది రామాయణ భారత కథలు. రంగనాథ రామాయణం ద్విపదలు వాళ్లకు నోటికి వచ్చు. బొమ్మలు ఆరడుగుల దాకా ఉంటాయి. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, పలచబరిచి, సాగదీసి ఎండబెడితే వెలుతురు దాటేంత పారదర్శకమవుతుంది. దాని మీద గీతలు గీసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. కిరీటం, కంఠహారం, దట్టీ అంచు అన్నీ ఆ రంధ్రాలే. వెనక దీపం వెలిగినప్పుడు అవి నగలవుతాయి.

ఇందులో రాక్షసుడి పని ప్రత్యేకం. పూర్వం ఏ పాత్రకు ఏ తోలు వాడాలో కూడా నియమం ఉండేది. దేవతలకూ నాయకులకూ ఒక జాతి జింక తోలు, భీముడికీ రావణుడికీ మొరటు వాడకానికి ఆగే మరో జింక తోలు, మిగిలినవాళ్లకు మేక తోలు. మామూలు పాత్రకు ఒక్క తోలు సరిపోతే రావణుడికి కనీసం నాలుగు పట్టేవి. ఒంటికి ఒకటి, కాళ్లకు ఒకటి, రెండు పక్కల చేతుల గుంపులకు ఒక్కొక్కటి. తెర మీద పది తలల వరుస లేచిందంటే చివరి వరుసలో తల్లి ఒడిలో కూచున్న పిల్లకు కూడా ఎవరొచ్చారో చెప్పక్కరలేదు. యుద్ధం మొదలయ్యాక తెర వెనక ఆటగాళ్లు చెక్కపలకల మీద కాళ్లతో దబదబా తొక్కుతారు. బొమ్మ తెరకు ఆనితే అంచు పదునెక్కుతుంది. వెనక్కి లాగితే నీడ పెరిగి మసకబారుతుంది. మైరావణుడు మాయమవడం, ఇంద్రజిత్తు మబ్బు చాటున దాగడం ఈ దగ్గర దూరాల వల్లే సాధ్యమవుతాయి. డూమ్‌లో పింకీకి ఒక జోడీ ఉంది, స్పెక్టర్ అంటారు. రూపం అదే, ఒంటి నిండా రంగు తీసేసి మసక నింపారు. ఇంద్రజిత్తును ఎరిగిన మనకు ఆ ఎత్తు వెంటనే అర్థమవుతుంది.

ఈ రాక్షసుల ముఖాలకు పూర్వీకులు గోరంట్లకు దగ్గరలోనే ఉన్నారు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది పదహారో శతాబ్దపు చిత్రాలను, తోలుబొమ్మలను పక్కపక్కన పెట్టి చూడండి. పక్కకు తిరిగిన ముఖం, చెంప దాటే పెద్ద కన్ను, మడతలు తేలిన చీర కుచ్చెళ్లు రెంటిలోనూ ఒకటే. పరిశోధకులు ఈ పోలికను ఎప్పుడో గుర్తించారు. గుడి కప్పు మీద ఆగిపోయినవాళ్లు తోలు మీదికి దిగి కదలడం నేర్చుకున్నారని నా నమ్మకం.

మరి డూమ్ రాక్షసులు అన్నిసార్లు మారితే మన రావణుడు వందల ఏళ్లు ఎందుకు పెద్దగా మారలేదు? మనవాళ్లకు ఊహ తక్కువై కాదు. తెర అదే, దీపం అదే, చూసేవాడు కూచునే దూరం అదే. రూపాన్ని నిర్ణయించేవి ఇవి. ఇవి మారనంత కాలం రాక్షసుడు మారనక్కరలేదు. అక్కడ మాత్రం కంప్యూటర్ యంత్రం నాలుగైదేళ్లకోసారి మారిపోయింది.

2004లో వచ్చిన మూడో డూమ్ ఈ మాటకు గట్టి సాక్ష్యం. అప్పటికి యంత్రాలు నిజమైన నీడలు వేయగలుగుతున్నాయి. ఆ శక్తిని చూపించాలని ఆటనంతా చీకట్లో ముంచారు. ఇంప్ భుజాల ముళ్లు పోయాయి, ముఖం నిండా కళ్లు మొలిచాయి, చర్మం పాలిపోయింది. పింకీ వెనక కాళ్లు యంత్రపు కాళ్లయ్యాయి. కాకోడీమన్ ఎరుపు వెలిసిపోయింది. విడిగా చూస్తే ఒక్కొక్కటీ గొప్ప పనితనం. కలిపి చూస్తే అన్నీ ఒకే మాంసపు రంగు. పైగా ఆడేవాడి దగ్గర టార్చిలైటు ఉన్నా, అది పట్టుకుంటే తుపాకీ వదలాలి, తుపాకీ పట్టుకుంటే టార్చి వదలాలి. భయం పెరిగింది, నిజమే. కానీ ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకునే ఆనందం పోయింది. 2012లో మళ్లీ విడుదల చేసినప్పుడు టార్చినీ తుపాకీనీ ఒకేసారి వాడుకునే వీలు కల్పించారు.

2016లో ఆట మళ్లీ మొదటి నుంచి మొదలైంది. వెలుతురు తిరిగొచ్చింది, వేగం తిరిగొచ్చింది, రూపాలు సగం దూరం వెనక్కి నడిచాయి. 2020 మార్చిలో వచ్చిన డూమ్ ఎటర్నల్‌లో పూర్తిగా ఇంటికి చేరాయి. ఇంప్ భుజాల మీద ముళ్లు మళ్లీ మొలిచాయి, కాకోడీమన్ మళ్లీ ఎర్రబడ్డాడు. చేతకాక వెనక్కి పోవడం కాదిది. లక్షల రంగులు, ఎన్ని చుక్కలు కావాలంటే అన్ని ఉన్న కాలంలో, గుప్పెడు చుక్కలప్పుడు దొరికిన రూపాన్ని వాళ్లు కావాలని ఎంచుకున్నారు. దానికి కొత్త బుద్ధి కూడా జోడించారు. మాంక్యుబస్ చేతి ఫిరంగులను విడిగా విరగ్గొట్టవచ్చు. నోరు తెరిచిన కాకోడీమన్ నోట్లోకి గ్రెనేడ్ విసిరితే వాడు తూలిపోతాడు. దెబ్బ తగిలిన చోట ఒంటి మాంసం పొరలు పొరలుగా ఊడుతుంది. రాక్షసుడి బలహీనత వాడి ఒంటి మీదే రాసి ఉంటుంది. దుర్యోధనుడి తొడ, రావణుడి నాభి విన్న జాతికి ఇది ఎంత దగ్గరి ఆలోచన! 2025 మేలో వచ్చిన ‘ద డార్క్ ఏజెస్’లో వాళ్లే మధ్యయుగపు కవచాలు తొడుక్కున్నారు. కవచం కొత్తది, లోపలి అంచు పాతది.

మన రాక్షసులకు మార్పు ఆలస్యంగా వచ్చింది, వచ్చినప్పుడు అన్ని వైపుల నుంచీ వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో జింక తోళ్లు పోయాయి. రావణుడైనా రాముడైనా ఇప్పుడు మేక తోలే. చట్టం సరైనదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆముదపు దీపం పోయి కరెంటు బల్బు వచ్చింది. గాలికి ఊగే దీపం ముందు బొమ్మ ఊరికే నిలబడ్డా ఊపిరి తీస్తున్నట్టుండేది. బల్బు ముందు ఆ ఊపిరి ఆగింది. ఆకుల, చెట్ల బెరళ్ల రంగుల చోట బజారు రంగులు వచ్చాయి. ఆ తరవాత అసలు తెరే పోయింది. రాత్రంతా కూచుని చూసేవాళ్లు సినిమాకూ టీవీకీ తరలిపోయారు. వానలు మొహం చాటేసిన ఏడాది విరాటపర్వం ఆడించి వాన కోసం మొక్కుకునే ఆనవాయితీ మన కరువు సీమలో ఉండేది. ఇప్పుడు వాన రాకపోతే మరో బోరు వేయిస్తున్నాం.

నిమ్మలకుంటవాళ్లు ఆకలికి తలవంచి కూర్చోలేదు. అదే తోలు, అదే ఉలితో దీపపు తొడుగులు, గోడకు వేలాడే పటాలు, తలుపు తెరలు చేశారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఊరి బొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ చేతుల పనికి అది తగిన గౌరవం, ఎంతో ముందే రావలసిన గౌరవం. అయితే పడకగది దీపం మీద కొనేవాళ్లు ఎక్కువగా కోరేది వినాయకుణ్ణి, నెమలిని, కొమ్మల నిండా పిట్టలున్న చెట్టును. కుంభకర్ణుణ్ణి ఎవరు కోరతారు? దీపపు తొడుగు మీది బొమ్మకు మోచెయ్యి కదలనక్కరలేదు. భుజం దగ్గర, మోకాలి దగ్గర దారంతో కుట్టే కీళ్లు, కర్ర పట్టుకునే వాటం, కొట్లాటలో బొమ్మను గిర్రున తిప్పి మళ్లీ తెరకు ఆనించే ఒడుపు ఇవన్నీ రాక్షసుల వల్లే పదునెక్కాయి. రాముడు చాలాసేపు నిలబడి మాట్లాడతాడు. దూకేది, విరుచుకుపడేది, కూలేది రాక్షసుడు. వాడు పోతే కదలిక విద్య సగం పోతుంది.

డూమ్‌వాళ్లకు 2020లో తమ 1993 నాటి రూపాలు తిరిగి దొరికాయంటే కారణం అవి భద్రంగా ఉండటమే. మట్టి బొమ్మల ఫొటోలున్నాయి, పాత ఆట ఇప్పటికీ ఆడుకోవచ్చు, ఫోన్లలోకి కూడా వచ్చింది. మన ఊళ్ల నుంచి బెంగళూరు వెళ్లే కుర్రాళ్లలో బొమ్మలు గీయడం వచ్చినవాళ్లున్నారు. ఆ నగరంలో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ వంటి సంస్థలు విదేశీ ఆటలకు బొమ్మలు చేసిపెట్టి పేరు తెచ్చుకున్నాయి. పుణేలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో ‘రాజీ’ అనే ఆట తెచ్చి, మహాబలాసురుడి మీద పోరాడే అమ్మాయి కథను నడుమ నడుమ నీడబొమ్మలతో చెప్పించింది. ఆడినవాళ్లు మెచ్చుకున్నారు. అలాంటి పని మన భాషలో, మన మైరావణుడితో జరగాలని నాకు గట్టి కోరిక. చేయబోయేవాళ్లు ముందుగా చూడవలసింది పాత బొమ్మల కీళ్లను.

అందుకని పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లోనో, మీ ఎరికలో ఉన్న బొమ్మలాట కుటుంబం పెట్టెలోనో రావణుడు, కుంభకర్ణుడు, శూర్పణఖ, మైరావణుడు, కీచకుడు ఎవరున్నా, వాళ్లను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఫొటో తీయండి. కీళ్లు కనబడేలా వెనక వైపు మరొకటి తీయండి. ఆడించడం తెలిసిన పెద్దలు ఉంటే, వాళ్ల చేతులు కదులుతుండగా వీడియో తీయండి. బొమ్మ ఎవరిదో వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే మాకు పంపండి. వచ్చినవన్నీ ఈ పత్రికలో వరుసగా వేస్తాం.