సంతకం పెట్టే ముందు చదువుదాం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, "కష్టపడి చదవండి, పైకి రండి" అని నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుందామనుకున్నాం. ఆ మాటలు ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి ఎవరూ రాయని విషయం ఒకటి రాస్తున్నాం. బైపీసీ తీసుకుని డాక్టరు కావాలనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పక చదవాలి. మిగతావారికీ పనికొస్తుంది.

మాతోపాటు ఇదే హాస్టల్లో, ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదివిన స్నేహితుడొకడున్నాడు. వాళ్ల నాన్న జీడితోటల్లో కూలికి వెళ్లేవాడు. వాడికి బోటనీ అంటే ప్రాణం. ఇంటర్ రెండో ఏడు పరీక్షల్లో ఒకరోజు స్క్వాడ్ వచ్చింది. వాడి బెంచీ కింద ఒక చిట్టీ దొరికింది. అందులో రాత వాడిది కాదు. వాడి మాట ఎవరూ వినలేదు. ఒక కాగితం ముందు పెట్టి, "సంతకం పెట్టు, పంపించేస్తాం" అన్నారు. కాగితమంతా ఇంగ్లీషు. భయంతో పెట్టేశాడు. తప్పు ఒప్పుకుంటున్నట్టు అందులో రాసి ఉందని తర్వాత తెలిసింది. ఆ ఏడు ఫలితం పోయింది. ఆ వేసవిలోనే వాడు పనికోసం వలసపోయాడు. మళ్లీ పుస్తకం పట్టలేదు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఇప్పటికీ అంటాడు, "చదవకుండా సంతకం పెట్టీసాన్రా" అని.

వాడు తప్పు చేయలేదని మేము ఈనాడు రుజువు చేయలేం. చిట్టీలో రాతనూ వాడి రాతనూ ఆ రోజు పక్కపక్కన పెట్టి చూసుంటే నిజం తెలిసేది. ఆ పని చేయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు వాడికి దక్కలేదన్నదే మా బాధ.

నియమాలు వద్దని మేము అనడం లేదు. నియమాలు గట్టిగా ఉంటేనే మనలాంటి వాళ్లకు మేలు. 2015లో ఆలిండియా ప్రీమెడికల్ పరీక్ష జవాబులు బయటికి పొక్కాయి. బట్టల్లో దాచిన పరికరాల ద్వారా కొందరికి జవాబులు అందాయి. సుమారు 6 లక్షల 30 వేల మంది రాసిన ఆ పరీక్షను సుప్రీంకోర్టు జూన్ 15న రద్దు చేసింది. 2016 జూలైలో తెలంగాణలో మెడిసిన్ సీట్ల కోసం జరిగిన ఎంసెట్-2 పేపరు లీకైంది. దాన్నీ రద్దు చేసి సెప్టెంబర్ 11న ఎంసెట్-3 పెట్టారు. పేపరు కొనుక్కున్నవాడికి పోయింది డబ్బే. నిజాయితీగా రాసిన కూలివాడి బిడ్డ మాత్రం మళ్లీ బస్సు చార్జీలు అప్పుచేసి, మళ్లీ పుస్తకాలు తిరగేసి, మళ్లీ రాయాల్సి వచ్చింది. మోసం చేసినవాడు లాక్కునేది మన సీటే. కాబట్టి మనలో ఎవరూ ఆ దారి తొక్కకూడదు. ఇందులో మరో మాట లేదు.

2024 నీట్ గురించి మీకందరికీ తెలుసు. మే 5న 23 లక్షల మందికి పైగా రాశారు. హజారీబాగ్, పాట్నాల్లో పేపరు బయటికి వచ్చిందని తేలింది. మళ్లీ పరీక్ష పెట్టమని ఎందరో అడిగినా, సుప్రీంకోర్టు జూలై 23న ఒప్పుకోలేదు. లాభపడిన వాళ్లు 155 మంది అని సీబీఐ చెప్పింది, తప్పు చేసినవాళ్లను మిగతావాళ్ల నుంచి వేరుచేయవచ్చు, అందరినీ శిక్షించనక్కరలేదు అన్నది కోర్టు మాట. 2015లో అలా వేరుచేయలేకపోయారు గనుకే మొత్తం రద్దయింది.

మన అమ్మలు చేటతో చెరిగినప్పుడు తాలు వేరు, గింజ వేరు అవుతాయి. న్యాయం అంటే మాకు అర్థమైనది అదే. లక్షల మంది విషయంలో అంత జాగ్రత్తగా చెరిగినప్పుడు, ఒక గదిలో ఒంటరిగా నిలబడ్డ పిల్లవాడి విషయంలో ఎందుకు చెరగరు? అదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తదీ కాదు. 1954లో ఉత్తరప్రదేశ్‌లో ముగ్గురు ఇంటర్ విద్యార్థుల ఫలితాలను బోర్డు రద్దు చేసి, తర్వాతి ఏడు పరీక్షకు కూడా డిబార్ చేసింది. ముందుగా నోటీసు ఇవ్వలేదు, వివరణ అడగలేదు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పిల్లల భవిష్యత్తు తేల్చే కమిటీ వారి మాట వినకుండా శిక్ష వేయకూడదని 1962లో కోర్టు తీర్పు చెప్పింది. ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసు అంటే లాయర్లందరికీ తెలుసు. తెలియాల్సిన మనకే తెలియదు. సెంటరు మొత్తం కాపీ కొట్టినచోట ఒక్కొక్కరినీ పిలిచి అడగనక్కరలేదని 1970లో బీహార్ కేసులో అదే కోర్టు చెప్పింది. కానీ ఒక విద్యార్థి మీద వేలు చూపినప్పుడు అతని మాట వినాల్సిందే.

మెడికల్ కాలేజీలో చేరాక కూడా ఇదే పద్ధతి. 1972లో రాంచీ రాజేంద్ర మెడికల్ కాలేజీలో కొందరు మగపిల్లలు రాత్రివేళ ఆడపిల్లల హాస్టల్ ఆవరణలోకి చొరబడి అసభ్యంగా ప్రవర్తించారని ఫిర్యాదు వచ్చింది. విచారణ కమిటీ ఆడపిల్లల మాటలను ఆ కుర్రాళ్ల ఎదుట నమోదు చేయలేదు. కుర్రాళ్లను రెండేళ్లు బహిష్కరించారు. 1973లో సుప్రీంకోర్టు కాలేజీ చేసింది సరైనదే అంది. చెల్లెళ్ల భద్రత ముఖ్యం గనుక మేము కూడా ఒప్పుకుంటాం. అయితే అక్కడ కూడా ఆరోపణ ఏమిటో ఆ కుర్రాళ్లకు రాతపూర్వకంగా చెప్పారు, వివరణ అడిగారు. కాలేజీ విచారణ కోర్టు విచారణలాగా ఉండనక్కరలేదు. కానీ ఆరోపణ చెప్పడం, జవాబు వినడం అనే రెండూ ఉండి తీరాలి.

ఇక మన అలవాట్ల సంగతి. నీట్ దరఖాస్తు మనలో ఎంతమంది స్వయంగా నింపుతున్నాం? నెట్ సెంటర్లో కూర్చున్న అన్న నింపుతాడు. "నియమాలన్నీ చదివాను" అన్నచోట టిక్కు కూడా అతనే పెడతాడు. ఆ నియమాల్లో ఏది అక్రమం, దానికి శిక్ష ఏమిటి అన్నీ ఉంటాయి. 2024లో కేంద్రం తెచ్చిన పరీక్షల అక్రమాల నిరోధక చట్టం పేపరు లీకు చేసేవాళ్లను, అమ్ముకునేవాళ్లను జైలుకు పంపడానికి పెట్టింది. పరీక్ష రాసే విద్యార్థి మీద చర్య మాత్రం పరీక్ష పెట్టే సంస్థ సొంత నియమాల ప్రకారమే ఉంటుంది. అంటే మనకు చట్టం కంటే ముందు చదవాల్సింది ఆ బులెటిన్.

ర్యాగింగ్ విషయం కూడా అంతే. మన రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఏడిపించినా జైలు శిక్ష పడవచ్చు. చేసినవాడికే కాదు, ప్రోత్సహించినవాడికీ శిక్ష ఉంది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం చేరేటప్పుడు విద్యార్థి ఒక అఫిడవిట్, తల్లిదండ్రులు ఒక అఫిడవిట్ ఇవ్వాలి. మన అయ్యలు దాని మీద వేలిముద్ర వేసి వస్తారు. అందులో ఏముందో వారికి చదివి వినిపించే బాధ్యత మనదే. మనల్ని ఎవరైనా ఏడిపిస్తే 1800-180-5522 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మేము నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాం. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టవద్దు. తెలుగులో చెప్పమని మర్యాదగా అడగండి. తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే, "నేను ఒప్పుకోవడం లేదు" అని మీ చేత్తో తెలుగులోనే రాసి పెట్టండి. మీ నుంచి ఏం తీసుకున్నారో, ఎన్ని గంటలకు తీసుకున్నారో అదే రోజు రాసుకోండి. నోటీసు వస్తే గడువులోపల రాతపూర్వకంగా జవాబిచ్చి, నకలు దగ్గర ఉంచుకోండి.

ఐదో మాట అన్నిటికంటే పెద్దది. ఒంటరిగా భరించవద్దు. 2015లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన ఐదుగురిని హాస్టల్ నుంచి సస్పెండ్ చేశారు. వారిలో ఒకరైన రోహిత్ వేములను 2016 జనవరి 17న మనం పోగొట్టుకున్నాం. మనకు హాస్టలే ఇల్లు. దాన్నుంచి బయటికి పొమ్మంటే ఆ దెబ్బ ఎంతటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఏ నోటీసూ ప్రాణం కంటే పెద్దది కాదు. వార్డెన్ గారికి చెప్పండి, మాకు చెప్పండి. ఏ అర్ధరాత్రయినా వస్తాం.

పెద్దలకూ రెండు మనవులు. ప్రతి పరీక్షల సీజను ముందు హాస్టల్ స్టడీ అవర్లో ఒక గంట తీసుకుని ఈ నియమాలను తెలుగులో చదివి వినిపించాలి. వివరణ పత్రం ఏ సెంటరులోనైనా తెలుగులో కూడా ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. డబ్బున్న పిల్లవాడికి ఒక ఏడు పోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ ఉంది. మన పిల్లవాడికి ఒక ఏడు పోతే చదువే పోతుంది. అందుకే ఇంతగా అడుగుతున్నాం.

మన హాల్లో బాబాసాహెబ్ పటం ఉంది. ఆయన బారిస్టరు కూడా. ఏ కాగితమైనా పూర్తిగా చదివాకే సంతకం పెట్టడం ఆయన దారిలో మనం వేసే మొదటి అడుగు. విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. భోగాపురం నుంచి బస్సెక్కితే అంత దూరమేం కాదు. మన హాస్టల్ నుంచి అక్కడికి వెళ్లే పిల్లవాడు మార్కులు తక్కువై ఆగిపోతే మళ్లీ చదివిద్దాం. చదవని కాగితం మీద సంతకం వల్ల మాత్రం ఇంకెవరూ ఆగిపోకూడదు.