వంటిల్లు: బుధవారీ బజారు సంచిలో తెలుగు వంట

గత కొన్ని మాసాలుగా ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలలో ఒకే కోరిక పలు రూపాలలో కనిపిస్తున్నది. సులభంగా చేసుకోదగిన ఇంటి వంటలు వ్రాయమని పాఠకులు కోరుతున్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరి బిలాస్‌పూర్‌లో ఒంటరిగా ఉంటున్న యువకులు అడిగారు. పిల్లలను చదువుల కొరకు పూణేకో బెంగుళూరుకో పంపిన తల్లులు అంతకంటె ఎక్కువగా అడిగారు. ఈ తల్లుల ఇబ్బంది వేరు. రాత్రి ఎనిమిది గంటలకు అమ్మాయి ఫోను చేసి, "పప్పులో పులుపు ఎప్పుడు వేయాలమ్మా?" అంటుంది. తల్లి చెబుతుంది. అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడగలదు గాని చదవలేదు. అందుచేత విన్నదానిని దేవనాగరి లిపిలో వ్రాసుకుంటుంది. ఆ కాగితంలోకి పదార్థాల పేర్లన్నీ చేరుతాయి, పాళ్ళు మాత్రం చేరవు. తల్లి చెప్పినది "తగినంత" గదా!

ఈ "తగినంత" అనే మాట మీద మాకు కొంత కినుక ఉన్నది. నలభై ఏళ్ళు వండిన చేతికి అది చాలును. మొదటిసారి పొయ్యి వెలిగించిన వారికి దానివలన తెలిసేదేమున్నది? మన పెద్దలకు కొలతలు లేకపోలేదు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఆ పాత్రలు వాడుక తప్పిన తరువాతనే "తగినంత" పెత్తనం పెరిగినదని మా అనుమానం. కాబట్టి ఈ మాసం చెప్పే కొలతలన్నీ 200 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసుతోను, సమంగా గీసిన టీ చెంచాతోను చెప్పినవి. అన్నీ మేము స్వయంగా వండి చూచినవే.

వంటలలోకి వెళ్ళేముందు ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. చీలా, ఫరా వంటి ఛత్తీస్‌గఢీ వంటకాలను తెలుగు శీర్షికలో ఎందుకు చేరుస్తున్నారని ఒక పెద్దాయన మందలిస్తూ వ్రాశారు. వారియందు గౌరవంతోనే మా అభిప్రాయం మనవి చేస్తున్నాము.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడినది. 1891 నాటికి నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు దారి పడినది. రాయపూర్ నుండి విజయనగరానికి నేరుగా మార్గం పూర్తి కావడానికి 1931 వరకు పట్టినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి రైలు పనికి వచ్చి ఇక్కడ నిలిచిపోయిన కుటుంబాలలో ఈనాడు నాలుగవ తరం, అయిదవ తరం పెరుగుతున్నది. ఇప్పుడంటే కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో ఆవకాయ జాడీ ఒక్క రాత్రి ప్రయాణంతో దిగుతున్నది. తొలి రోజులలో ఆ వీలు ఎక్కడిది? బజారులో దొరికినదే వండుకున్నారు. వండుకోగా అది తమ వంట అయినది.

పైగా పరాయిదనుకున్నది తీరా చూస్తే మనదే అయి కూర్చుంటుంది. బుధవారీ బజారులో కూరలమ్మే ఆవిడ మునగకాడను "మునగా" అని పిలుస్తుంది. హిందీ పాఠ్యపుస్తకం నేర్పిన "సహజన్" ఆమె నోట రాదు. ఆమె "అమారీ భాజీ" అని కట్ట కట్టి ఇచ్చేది మన గోంగూరే. "లాల్ భాజీ" ఎర్ర తోటకూర. "రఖియా" బూడిదగుమ్మడి. "కోచయీ" చేమదుంప. తొలకరి వానలకు వచ్చే "చరోటా" లేత ఆకు మన పల్లెలలో తగిరిస అనే పేరుతో ఎరిగినదే. ఇక బియ్యం మాట చెబితే ఆ పెద్దాయన కూడ చిరునవ్వు నవ్వుతారని మా ఆశ. ఛత్తీస్‌గఢ్ రైతులు విస్తారంగా పండిస్తున్న స్వర్ణ రకం పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరు పరిశోధన కేంద్రం నుండి 1982లో వెలువడినది. ఇక్కడివారు "హజార్ దస్" అని పిలిచే 1010 రకం కూడ అక్కడిదే. దాని తెలుగు పేరు కాటన్‌దొర సన్నాలు. ఛత్తీస్‌గఢీ ఇల్లాలు చీలా పోసే పిండిలో మార్టేరు ఉన్నప్పుడు, మన పెనం మీద చీలా ఉండడం తప్పు కాదు గదా!

మొదట అమ్మాయి అడిగిన ప్రశ్నకు సమాధానంగా అమారీ భాజీ పప్పు. కందిపప్పును ఇక్కడి దుకాణాలలో "రాహర్ దాల్" అని అడగాలి. 1 గ్లాసు పప్పు కడిగి, 3 గ్లాసుల నీరు, పావు చెంచా పసుపు వేసి కుక్కరులో 4 కూతలు రానివ్వాలి. గోంగూర ఆకులు మాత్రమే త్రుంచి, గ్లాసులో అదిమి కొలిస్తే 3 గ్లాసులు ఉండాలి. వాటిని 6 పచ్చిమిరపకాయలతో వేరే గిన్నెలో, అర గ్లాసు నీటితో, ఆకు రంగు మారి ముద్ద అయ్యేవరకు ఉడికించాలి. తరువాతనే రెండూ కలిపి, 2 చెంచాల ఉప్పు వేసి, 5 నిమిషాలు సన్నని సెగ మీద ఉంచాలి. 4 చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, 2 ఎండుమిరపకాయలు, 6 వెల్లుల్లి రేకులు వేయించి పోపు పెడితే నలుగురికి సరిపోతుంది. పప్పును, ఆకును ఒకేసారి కుక్కరులో పడవేస్తే పని తగ్గుతుందని కొందరు అనుకుంటారు. తగ్గదు. గింజను బిగించి పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపు తగిలితే త్వరగా కరగదు. ఎన్ని కూతలు వచ్చినా పప్పు పలుకుగానే మిగులుతుంది. చింతపండు, టమాట, మామిడికాయ ఏది వేసినా ఇదే వరుస: ముందు పప్పు, వెనుక పులుపు.

ఇడ్లీ పిండి పొంగలేదని డిసెంబరు, జనవరి మాసాలలో ఏటా ఫిర్యాదులు వస్తాయి. చలికి పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు మందగిస్తాయి గనుక అది వండేవారి లోపం కాదు. ఆ రెండు నెలలు చీలా పోసుకోవడమే తెలివైన పని. దీనికి నానబెట్టడం లేదు, రుబ్బడం లేదు, పులియబెట్టడం లేదు. 2 గ్లాసుల బియ్యపు పిండిలో 1 చెంచా ఉప్పు వేసి, 3 గ్లాసుల నీరు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండ కలిపి, 15 నిమిషాలు ప్రక్కన ఉంచాలి. గరిటె ముంచి ఎత్తితే పలుచని మజ్జిగ కంటె చిక్కగా, దోసె పిండి కంటె జారుగా ఉండాలి. పెనం బాగా కాలిన తరువాత నూనె రాసి, పిండిని మధ్యలో పోసి చేతివాటంగా పరచాలి. మూత పెట్టి 2 నిమిషాలు ఉంచి, అంచులు లేచినప్పుడు త్రిప్పాలి. మొదటి చీలా పెనానికి అంటుకోవడం రివాజు. దానిని వండినవారు తినివేసి ఎవరికీ చెప్పకుండ ఉండడం మంచిది.

దీని తోడు "పతాల్ చట్నీ". పతాల్ అంటే టమాట. 4 పండిన టమాటాలను సెగ మీద తొక్క నల్లబడేవరకు కాల్చి, తొక్క తీసి, 4 పచ్చిమిరపకాయలు, 4 వెల్లుల్లి రేకులు, గుప్పెడు కొత్తిమీర, ముప్పావు చెంచా ఉప్పుతో నూరాలి. మిక్సీలో వేసేవారు ఒక్కసారి త్రిప్పి ఆపాలి. మెత్తగా అయితే అది పులుసులా కారుతుంది. నూనె చుక్క కూడ అక్కరలేని పచ్చడి ఇది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు సగం చేసుకున్నా రుచి చెడదు.

రాత్రి అన్నం మిగిలినప్పుడు ఫరా చేయవచ్చును. 1 గ్లాసు అన్నాన్ని చేతితో మెదిపి, 1 గ్లాసు బియ్యపు పిండి, ముప్పావు చెంచా ఉప్పు కలిపి, గోరువెచ్చని నీరు చిలకరిస్తూ రొట్టె పిండిలా ముద్ద చేయాలి. చిటికెన వ్రేలంత పొడవున చుట్టి ఇడ్లీ పళ్ళెంలో 15 నిమిషాలు ఆవిరి పట్టాలి. 3 చెంచాల నూనెలో ఆవాలు, 2 చెంచాల నువ్వులు, 3 పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేయించి దానిలో దొర్లించాలి. కుడుముల రుచి ఎరిగిన నాలుకకు ఇది కొత్త కాదు.

డుబ్కీ కఢీ మాత్రం మా దృష్టిలో ఈ ఊరు మనకిచ్చిన పెద్ద కానుక. మన ఆవడలకు మూకుడు, అర లీటరు నూనె, వేయించే ఓపిక కావాలి. డుబ్కీలో మినప రుబ్బు నేరుగా మరిగే మజ్జిగలో పడుతుంది. అర గ్లాసు మినపప్పు 4 గంటలు నానబెట్టి, నీరు వీలైనంత తక్కువ పోసి గట్టిగా రుబ్బి, అర చెంచా ఉప్పు, అర చెంచా జీలకర్ర వేసి 5 నిమిషాలు చేతితో గిలకొట్టాలి. గిన్నెడు నీటిలో ఒక చుక్క వేస్తే తేలాలి. మునిగితే ఇంకా గిలకొట్టాలి. ఈ పరీక్ష తప్పితే డుబ్కీలు రాళ్ళవలె అడుగున కూర్చుంటాయి. 2 గ్లాసుల పుల్లని పెరుగును 3 గ్లాసుల నీటితో చిలికి, 6 చెంచాల శనగపిండి, అర చెంచా పసుపు, ఒకటిన్నర చెంచాల ఉప్పు కలిపి, పొంగు వచ్చేదాకా విడువకుండ త్రిప్పుతూ కాయాలి. పొంగు వచ్చిన తరువాత ఉసిరికాయంత ముద్దలుగా రుబ్బును జారవిడిచి, సన్నని సెగ మీద 15 నిమిషాలు ఉంచాలి. మొదటి 5 నిమిషాలు గరిటె పెట్టరాదు. పోపు మన మజ్జిగ పులుసుకు పెట్టేదే. ఇంగువ వేస్తే ఇక ఇది ఏ భాష వంటకమో చెప్పడం కష్టం.

ఝార్సుగూడ వైపో కట్నీ వైపో బండి నడిపే రన్నింగ్ సిబ్బంది ఇండ్లలోను, రాత్రి షిఫ్టుకు వెళ్ళే మన ఉద్యోగుల ఇండ్లలోను, రుచి కంటె ముందు ఇంకొక చింత ఉంటుంది: సాయంకాలం కట్టిన భోజనం అర్ధరాత్రి దాటిన తరువాత మూత తీసేసరికి ఎట్లా ఉంటుంది? మే మాసంలో 44 డిగ్రీలు దాటే ఊరు మనది. ఎండకాలం క్యారేజీలో కొబ్బరి పచ్చడి, పాలు పోసిన కూర, ఉడికించిన బంగాళాదుంప ముద్ద పెట్టడం మాకు సమ్మతం కాదు. పులిహోర పెట్టండి. పులుపు, ఉప్పు, నూనె మూడూ కలిసి దానిని కాపాడతాయి. 2 గ్లాసుల బియ్యానికి 60 గ్రాముల చింతపండు. ("నిమ్మకాయంత" అని వ్రాయరాదని ఒట్టు పెట్టుకున్నాము, బుధవారీ బజారులో నిమ్మకాయలు గోలీకాయంత నుండి బత్తాయంత వరకు దొరుకుతున్నవి.) 12 చెంచాల నూనెలో 3 చెంచాల శనగపప్పు, 2 చెంచాల మినపప్పు, 1 చెంచా ఆవాలు, 6 ఎండుమిరపకాయలు, 5 పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పావు చెంచా ఇంగువ వేయించి, పిండిన చింతపండు గుజ్జు, 1 చెంచా పసుపు, 3 చెంచాల ఉప్పు వేసి, అంచున నూనె తేలేవరకు ఉడికించాలి. అన్నం వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, చల్లారిన తరువాతనే కలపాలి. వేడి మీద మూత బిగిస్తే ఆవిరి చెమ్మయి దిగి, ఎంత పులుపు ఉన్నా లాభం ఉండదు. ఇంత జాగ్రత్త పడినా వేసవిలో మరునాటి ఉదయం దాటి ఉంచరాదు.

అన్నం విషయంలో మరొక మాట. పులిసి వాసన మారిన అన్నాన్ని వేడి చేసి తింటే ఏమీ కాదనే నమ్మకం చాలా ఇండ్లలో ఉన్నది. అది నిజం కాదు. చెడిన అన్నంలో కొన్ని సూక్ష్మజీవులు పుట్టించే విషం మరల ఉడికించినా పోదు. పారవేయడమే మార్గం. చద్దన్నం సంగతి వేరు. అది నీటిలో ముంచి, మూత పెట్టి, ఉదయమే తినేది. ఉత్తరాంధ్ర పల్లెలలో తరవాణి కుండ ఎరిగినవారికి ఇక్కడి "బోరే బాసి" గురించి చెప్పనక్కరలేదు. వండిననాడే నీరు పోసుకుంటే బోరే, రాత్రంతా నానితే బాసి. 2022 మే 1న శ్రామిక దినోత్సవం నాడు బోరే బాసి తినవలసిందిగా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రజలకు పిలుపునిచ్చినప్పుడు, ఏళ్ళ తరబడి పొలం గట్టు మీదనో రైలు పట్టాల ప్రక్కనో దానిని తిన్నవారికి తప్పక ముచ్చట కలిగి ఉంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పెరుగు ఉంటే వేసవి ఉదయానికి అది చాలును.

పాఠక సోదరీమణులకు, సోదరులకు ఒక విన్నపం. మీ ఇంట పెద్దలు చేసే వంటకం ఏదైనా పంపదలచినప్పుడు, వారు గుప్పిట తీసిన ఉప్పును పాత్రలో వేయకముందే చెంచాతో ఒక్కసారి కొలిచి వ్రాయండి. వారు విసుగుకుంటారు, విసుగుకోనివ్వండి. తెలుగు వ్రాయడం రాని పిల్లలు దేవనాగరిలో వ్రాసి పంపినా స్వీకరిస్తాము. లిపి మార్చుకొనే శ్రమ మాది. వచ్చే మాసం రఖియా బడి, అనగా బూడిదగుమ్మడి వడియాలు. కాయను ముందురోజు రాత్రియే తురిమి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటగట్టి బరువు పెట్టాలి గనుక, ఎండ కాసే మూడు రోజులు చూచుకొని మినపప్పు, గుమ్మడికాయ సిద్ధం చేసుకోగలరు.