ఎలక్ట్రిక్ కారా, హైబ్రిడ్ కారా? ముందుగాల ఇంటి కరెంటు లెక్క చూడుర్రి

కారు కొందామనుకునే పోరగాళ్లల్ల ఇప్పుడు ఒకటే ముచ్చట: ఎలక్ట్రిక్ తీస్కోవాల్నా, హైబ్రిడ్ తీస్కోవాల్నా? షోరూమోళ్లు మైలేజీ చెప్తరు, యూట్యూబోళ్లు పికప్ చెప్తరు. రాత్రిపూట బండి యాడ ఆగుతది, దానికి కరెంటు యాడికెల్లి వస్తదని మాత్రం ఎవ్వరూ అడుగుతలేరు. ఊర్లుండేటోళ్లకు అసలు లెక్క గాడ్నే ఉంది.

సర్కార్లు ఎలక్ట్రిక్ దిక్కే ఉన్నయి. దానికి జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ హైబ్రిడ్లకు 18, పెద్దయాటికి 40 శాతం. గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటియి నాలుగు మీటర్లు దాటుతయి కాబట్టి 40ల పడ్తయి. మన రాష్ట్రంల ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబర్ 31 దాక రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మాఫీ. ట్యాక్సీలకు సుత గదే వర్తిస్తది. హైబ్రిడ్లకు ఆ మాఫీ లేదు. పది లక్షలు దాటిన కారుకు ఆ ట్యాక్స్ లక్షల్లనే ఉంటది. అదే యూపీల 2024ల స్ట్రాంగ్ హైబ్రిడ్లకు సుత మాఫీ ఇచ్చిన్రు.

హైబ్రిడ్ అంటే ప్లగ్ పెట్టే బండి అనుకోవద్దు. చిన్న బ్యాటరీ ఉంటది, బ్రేక్ వేసినప్పుడు, ఇంజన్ నడిచినప్పుడు దానంతట అదే ఎక్కుతది. పైసలు పోయేది మాత్రం పెట్రోల్ బంకులనే. 'మైల్డ్ హైబ్రిడ్' అయితే ఇంజన్‌కు జెర చేయి అందిస్తది, ఒట్టి కరెంటు మీద నడవది. బండి మీద రాసిన పేరు చూసి పైసలు కట్టకుర్రి.

ఇగ నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండిని పట్టుకుందాం. హైబ్రిడ్ లీటర్‌కు 22 ఇచ్చినా 45 లీటర్లు కావాలె. లీటర్ 107 వేసుకుంటే 4,800 పైనే. ఎలక్ట్రిక్ ఒక యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తది, అంటే 150 యూనిట్ల పైన. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా 1,500 దాటది.

కని ఈడ ఒక మెలిక ఉంది. గృహజ్యోతిల జీరో బిల్లు వచ్చేది 200 యూనిట్ల దాకనే. ఇంట్ల 90 కాలితే, కారు 150 తాగితే 240 అయితది. అప్పుడు కారు కరెంటే కాదు, ఇంటి కరెంటుకు సుత బిల్లు కట్టాలె. గా బిల్లు కట్టినా పెట్రోల్ కంటె తక్కువే, కని ముందే తెల్సుకొని దిగాలె. బాయికాడి మోటరు లైనుకు కారు తగిలిస్తమంటే కుదరది, ఉచిత కరెంటు ఎవుసానికే. ఇంట్ల ఎర్తింగ్ సరిగ్గ లేకుంటే చానా చార్జర్లు అసలు పనే చేయయి. బండి బుక్ చేసే ముందుగాల ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 15 ఆంప్స్ ప్లగ్, వైరు, ఎర్తింగ్ చూపియ్యాలె.

అందుకే బండి పనిని బట్టి తేల్చుకోవాలె. రోజూ మండలానికి, జిల్లా కేంద్రానికి పోయి రాత్రికి ఇంటికొచ్చే బండైతే ఎలక్ట్రికే మేలు. తిరుపతి, షిర్డీ కిరాయిలు కొట్టేటోళ్లకు, కిరాయి ఇంట్ల ప్లగ్ దిక్కులేనోళ్లకు హైబ్రిడ్ నయం. నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరగనోళ్లకు ఈ రెండూ దండగే. మిగిలే పైసల కంటె ఎక్కువ పెట్టే ధర, మిత్తి మీద పడ్తది.

ట్యాక్స్ మాఫీ మంచిదే. కని దాని ఫాయిదా పోర్టికో, సొంత ప్లగ్ ఉన్నోళ్లకే ముందుగాల అందుతది. అప్పు తెచ్చి ట్యాక్సీ నడిపే ఊరి పోరనికి కావాల్సింది మండలంల, బస్టాండ్ కాడ పనిచేసే చార్జరు. మాఫీ గడువు పెంచాల్నా వద్దా అని సర్కారు ఆలోచించేటప్పుడు, ప్రతి మండలానికి చార్జర్ల లెక్క సుత అదే జీవోల రాయాలె. లేకుంటే ఊర్లకు మాఫీ కాయితం వస్తది గని కారు రాది.