బొమ్మ దాటి అక్షరానికి



గత మాసం ఒక తల్లి వ్రాసిన ఉత్తరం మాకు అందింది. ఆమె కుమారునికి తొమ్మిదేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో జన్మించిన బాలుడు. బడిలో ట్యాబ్‌పై బొమ్మల సహాయంతో పాఠాలు చెబుతున్నారు. తెరపై గ్లాసు కనిపించగానే ‘నీళ్ళు’ అంటాడు. మసీదు కనిపిస్తే నమాజుకు నిలబడినట్లు చేతులు చెవుల దాకా ఎత్తుతాడు. “వీడు చదువుతున్నాడా, లేక బొమ్మలను గుర్తుపడుతున్నాడా? వీడికి ఈ మాత్రం చాలని బడివారు అంటున్నారు. ఇంట్లో ఈ బొమ్మలు మనకు తగునా అని మా అత్తగారు సందేహిస్తున్నారు. ఏం చేయాలి?” అని ఆ తల్లి అడిగారు.

ఇవి ఆమె ఒక్కరి ప్రశ్నలు కావు. అందుకే ఈ నెల శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము.

ముందుగా ఈ సాధనం ఏమిటో చూద్దాం. సరిగా మాట్లాడలేని పిల్లలు బొమ్మను చూపి తమ అవసరాన్ని తెలియజేసే పద్ధతి పాతదే. 1980ల ఆరంభంలో అమెరికాలో రోక్సానా మేయర్-జాన్సన్ రూపొందించిన బొమ్మల సంపుటి ఎన్నో దేశాలకు వ్యాపించింది. తరువాత కంప్యూటర్ వచ్చింది. బ్రిటన్‌లో తయారైన ‘రైటింగ్ విత్ సింబల్స్’ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక పదం టైపు చేయగానే దాని బొమ్మ పైన ప్రత్యక్షమవుతుంది. యంత్రం ఆ పదాన్ని పలుకుతుంది కూడా. అక్షరం రాని బిడ్డ సైతం ఆ వాక్యం భావాన్ని గ్రహించగలడు. కథ వినడంలో, తన మాట తాను కూర్చుకోవడంలో ఆనందం పొందగలడు. ఇది చిన్న మేలు కాదు.

అయితే ఆ తల్లి సందేహంలో సత్యం ఉంది. బొమ్మను గుర్తించడం వేరు, పదాన్ని చదవడం వేరు. 1967లో జే శామ్యూల్స్ అనే అమెరికా పరిశోధకుడు చిన్న తరగతుల పిల్లలపై జరిపిన పరిశీలన ఈ విషయంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. పదం ప్రక్కన బొమ్మ ఉన్నప్పుడు పిల్లల దృష్టి బొమ్మపైనే నిలిచింది. బొమ్మ లేకుండా నేర్చుకున్నవారే తరువాత ఆ పదాలను మెరుగ్గా చదివారు. ముఖ్యంగా చదువులో వెనుకబడిన పిల్లల విషయంలో ఈ తేడా కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. జవాబు బొమ్మలోనే దొరుకుతుంటే అక్షరం వైపు చూడవలసిన అవసరమేముంది?

మన తెలుగులో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఈ సాఫ్ట్‌వేర్లలో అధికం ఇంగ్లీషు కోసం పుట్టినవి. అక్కడ ‘కు’, ‘లో’, ‘నుంచి’ అనే అర్థాలకు విడి పదాలుంటాయి, విడి బొమ్మలుంటాయి. తెలుగులో అవి పదంలోనే కలిసిపోతాయి. ‘బడికి’, ‘బడిలో’, ‘బడినుంచి’ అన్న మూడింటికీ బడి బొమ్మ ఒక్కటే. తేడా అంతా చివరి అక్షరాల్లోనే ఉంది. బొమ్మతో ఆగిపోయిన బిడ్డకు ఆ తేడా ఎన్నటికీ అందదు.

కాబట్టి మేము చెప్పదలచినది ఇదే: బొమ్మ మెట్టు వంటిది. మెట్టు ఎక్కించాలి, దానిపైనే కూర్చోబెట్టకూడదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బిడ్డ మాట్లాడడానికి వాడుకునే బొమ్మలను ఎప్పుడూ లాక్కోకూడదు. అవి అతని నాలుక. క్రమంగా వెనక్కి తీయవలసినవి చదువు నేర్పే పేజీలోని బొమ్మలు మాత్రమే.

ఇంట్లో చేయగల పని కొంత ఉంది. బిడ్డ పేరుతో మొదలు పెట్టండి. పేరుకు బొమ్మ అవసరం లేదు. దాన్ని అక్షరాల్లోనే గుర్తించనివ్వండి. తరువాత రోజూ వాడే అయిదారు పదాలు ఎంచుకోండి. బొమ్మ చిన్నదిగా, పదం పెద్దదిగా ఉంచండి. నాలుగు రోజులయ్యాక బొమ్మను చేత్తో మూసి పదం చూపండి. బిడ్డ చెప్పిన తరువాత చెయ్యి తీసి సరిచూసుకోనివ్వండి. అప్పుడు బొమ్మ జవాబు చెప్పదు, జవాబును ధ్రువపరుస్తుంది. పలకపై పిచ్చిగీతలు గీసినా వారించకండి. ప్రతి రాత్రి ఏ ప్రశ్నా వేయకుండా పది నిమిషాలు కథ చదివి వినిపించండి.

మన ఇళ్ళలో మరో చిక్కు ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, మక్తబ్‌లో అరబీ. ఒకటి ఎడమ నుంచి కుడికి, మిగతా రెండూ కుడి నుంచి ఎడమకు సాగే లిపులు. ఒకే బిడ్డపై మూడు లిపుల భారం ఒక్కసారిగా మోపకండి. బడి లిపి కొంత స్థిరపడనివ్వండి. ఇక్కడ బొమ్మ నిజంగా ఉపకరిస్తుంది. గ్లాసు బొమ్మను చూసి బిడ్డ ‘పానీ’ అన్నా తప్పు లేదు. క్రింద ‘నీళ్ళు’ అన్న పదాన్ని చూపుతూ రెండూ ఒకటేనని చెప్పవచ్చు. ఖుర్ఆన్ పారాయణాన్ని చెవితో నేర్చుకోవడానికి లిపి కోసం ఎదురుచూడనక్కరలేదు.

ఇక అత్తగారి సందేహం. అది ధర్మచింతన నుంచి పుట్టినది కనుక గౌరవించదగినది. ప్రాణుల చిత్రాల విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఫత్వా ఇచ్చే స్థానం మాది కాదు. అయితే హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారని, దైవప్రవక్త (స) వారించలేదని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. పిల్లల ఆటకు, శిక్షణకు పనికివచ్చే బొమ్మలను అనుమతించిన ధర్మవేత్తలు దీన్ని ఆధారంగా చూపుతారు. అప్పటికీ మనసు ఒప్పకపోతే గ్లాసు, చెప్పులు, తలుపు, ముసల్లా వంటి వస్తువుల బొమ్మలతోనే మొదలు పెట్టవచ్చు. మీ ఊరి ఆలిమ్‌ను సంప్రదించండి. కానీ సందేహం పేరుతో బిడ్డ చదువును మాత్రం ఆపకండి.

పాశ్చాత్య దేశాల బొమ్మల్లో మన జీవితం కనిపించదన్న వెలితి కూడా ఉంది. వుజూ, ఇఫ్తార్, హిజాబ్ ధరించిన తల్లి అక్కడ వెదికినా అరుదు. ఖతర్‌లో ఈ లోటును గుర్తించి, బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ‘తవాసుల్’ అనే అరబీ బొమ్మల నిఘంటువును రూపొందించారు. స్పెయిన్‌లోని అరగాన్ ప్రాంత ప్రభుత్వం ‘అరసాక్’ పేరుతో వేలాది బొమ్మలను ఉచితంగా అందిస్తున్నది. ఇవేవీ అందకపోయినా మీ ఫోనులోని కెమెరా చాలు. మీ ఇంటి దస్తర్‌ఖాన్, మీ వీధి మసీదు, అబ్బా టోపీ ఫొటో తీసి క్రింద పదం వ్రాస్తే, బిడ్డకు అంతకంటే దగ్గరి పాఠం లేదు.

‘ఇంతే చాలు’ అన్న బడివారితో మర్యాదగానే, కానీ గట్టిగా మాట్లాడండి. వికలాంగుల హక్కుల చట్టం (2016) ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యమున్న బాలలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఇటువంటి పిల్లల కోసమే పనిచేస్తున్నది. ఒకసారి బిడ్డను అక్కడికి తీసుకువెళ్ళి సలహా పొందండి.

చివరిగా ఒక సంఘటన గుర్తు చేసుకుందాం. అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి) ధర్మం నేర్చుకోవాలని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. ఆ సమయంలో ఆయన (స) ఖురైషు నాయకులతో సంభాషణలో నిమగ్నులై ఉండి, ఆ రాకకు ముఖం చిట్లించారు. నేర్చుకోగోరి వచ్చిన ఆ అంధుని పక్షాన అల్లాహ్ 80వ సూరా అబసను అవతరింపజేశాడు. అనంతర కాలంలో ఆయనే అజాన్ పలికారు. దైవప్రవక్త (స) ప్రయాణమై వెళ్ళినప్పుడు మదీనాలో ఆయన ప్రతినిధిగా కూడా నిలిచారు.

నేర్చుకోవడానికి వచ్చినవాని నుంచి ముఖం త్రిప్పుకోరాదన్నదే ఆ సూరా మనకు నేర్పే పాఠం. మీ బాబు కూడా నేర్చుకోవడానికే వచ్చాడమ్మా. బిడ్డ అల్లాహ్ అప్పగించిన అమానతు. ఎంతవరకు చదువుతాడో అల్లాహ్‌కే తెలుసు. ఇంతవరకే అని హద్దు గీసే అధికారం మాత్రం బడికీ లేదు, మనకూ లేదు.

మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, వారికి నేర్పే సహనాన్ని మనకు అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.